ఆబోతును ఎంచుకునే ముందు

సంతలో మంచి కోడె కనబడితే చుట్టూ చేరినవాళ్లు ముందు మూపురం చూస్తారు. తర్వాత గంగడోలు, కాళ్ల కట్టు, నడక, వన్నె, సుడులు. నోరు తెరిపించి పళ్లు లెక్కపెడతారు. తరతరాలుగా పదునెక్కిన చూపు అది. ఒంగోలు జాతిని ఇంతదాకా నిలబెట్టింది ఆ చూపే. కాళ్లు సరిగా లేని ఆబోతును ఏ లెక్కా బాగుచేయలేదు కాబట్టి ఆ చూపును నేను ఎప్పుడూ తక్కువ చేయను. అయితే ఆ చూపుకు అందని ప్రశ్న ఒకటుంది. ఈ కోడెకు పుట్టబోయే దూడలు ఎలా ఉంటాయి? మీరు డబ్బు పెట్టేది ఆ దూడల కోసం. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మన పశువుల సంతతినే చేతిలో పెట్టుకుని ఈ ప్రశ్న వెంట చాలా దూరం వెళ్లిన దేశం బ్రెజిల్. అక్కడ నెలోర్ అని పిలుచుకునే జాతికి మూలం మన ఒంగోలు పశువే. 19వ శతాబ్దంలో ఓడల మీద కొద్దికొద్దిగా వెళ్లాయి. 1960వ దశకం తొలి ఏళ్లలో వెళ్లిన విడతలో ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు మోసిన ఆబోతు ఉంది. ఆ పశువులను ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో క్వారంటైన్‌లో ఉంచి, రోగాలేవీ లేవని తేలాకే ప్రధాన భూభాగానికి తీసుకెళ్లారు. అన్ని జాతులూ కలిపినా మన దేశం నుంచి అక్కడికి చేరినవి కొన్ని వేలే. ఇప్పుడు బ్రెజిల్‌లో పశువుల సంఖ్య 20 కోట్లు దాటింది, జనాభాకంటే ఎక్కువ. వాటిలో చాలా భాగం నెలోర్ లేదా నెలోర్ రక్తం కలిసినవి. ప్రపంచంలో గొడ్డుమాంసం అందరికంటే ఎక్కువ ఎగుమతి చేసేది ఆ దేశమే. ఇక్కడ దుక్కికీ బండికీ పెరిగిన జాతి అక్కడ మాంసానికి పెరిగింది. ప్రయోజనం వేరైనా వాళ్లు పట్టుకున్న పద్ధతి మీ ఒంగోలు మందకు పనికొస్తుంది, పాడిగేదెకు పనికొస్తుంది, నెల్లూరు గొర్రెకూ పనికొస్తుంది.

ముందు మీకేం కావాలో తేల్చుకోండి

నెలోర్ ఎండకు తట్టుకుంటుంది, పిడుదులకు అంత తేలిగ్గా లొంగదు, పలచటి గడ్డి మీద కూడా బతుకుతుంది. అదంతా మనవైపు నుంచి తీసుకెళ్లిన ఆస్తి. లోపాలూ ఉన్నాయి. పెయ్య ఎదకు రావడం ఆలస్యం. మామూలుగా రెండేళ్లు వచ్చాకే ఆబోతు దగ్గరికి తోలుతారు, మొదటి ఈత మూడేళ్ల వయసుకు అటూఇటూగా వస్తుంది. అన్నాళ్లూ పెయ్య మేస్తూనే ఉంటుంది, రాబడి ఏమీ ఉండదు. రెండో లోపం మాంసం. యూరప్ జాతుల మాంసంకంటే కాస్త గట్టిగా ఉంటుంది. మాంసాన్ని మెత్తబరిచే ఎంజైములను అడ్డుకునే కాల్పాస్టాటిన్ అనే ప్రోటీన్ ఈ జాతుల్లో ఎక్కువగా పనిచేయడం దానికి ఒక కారణం.

ఈ రెండు లోపాలనూ పేరు పెట్టి చెప్పుకున్నాకే అక్కడి పెంపకందార్లు ఏం కొలవాలో నిర్ణయించుకున్నారు. మీరూ ఆ వరుసలోనే వెళ్లండి. ఒక కాగితం తీసుకుని గత మూడేళ్లలో మీ మందలో డబ్బు ఎక్కడ పోయిందో రాయండి. పెయ్యలు ఆలస్యంగా కట్టాయా? ఒక ఈతకూ మరో ఈతకూ మధ్య ఎడం పెరిగిందా? దూడలు బరువు పట్టలేదా? ఆ కాగితం మీద తేలిన రెండు మూడు లక్షణాలే మీ లక్ష్యం. పది లక్షణాలు ఒకేసారి బాగుపడాలనుకుంటే ఒక్కోదానిలో కనిపించే మెరుగు చాలా తగ్గిపోతుంది, ఎందుకంటే పదింటిలోనూ ముందున్న కోడె దాదాపు దొరకదు.

బరువు ఒక్కదాని వెంటే పడటం కూడా ప్రమాదమే. ఏడాది వయసు బరువు కోసమే ఆబోతులను ఎంచుకుంటూ పోతే కొన్ని తరాలకు ఆవులు కూడా భారీగా తయారవుతాయి. భారీ ఆవు ఏడాది పొడుగునా ఎక్కువ మేత తింటుంది. కరువు సంవత్సరంలో ముందు చిక్కిపోయేదీ, ఎదకు రాకుండా ఆగిపోయేదీ అదే.

తూకం లేకుండా డీఎన్ఏ లేదు

జన్యు సమాచారం అనగానే చాలామంది ప్రయోగశాలనూ రక్తపు చుక్కనూ ఊహించుకుంటారు. అసలు పని తూకం కాటా దగ్గర మొదలవుతుంది. బ్రెజిల్‌లో నెలోర్ దూడల బరువును 120, 210, 365, 450 రోజుల వయసులకు సరిచేసి నమోదు చేస్తారు. 120 రోజుల బరువు దూడ గురించి ఎంత చెబుతుందో తల్లి పాల గురించీ అంతే చెబుతుంది. 450 రోజులకు వచ్చేసరికి దూడ సొంత సత్తా బయటపడుతుంది. కోడెలకు వృషణాల చుట్టుకొలత తీస్తారు. అది పెద్దగా ఉన్న ఆబోతుల కూతుళ్లు త్వరగా ఎదకు వచ్చే అవకాశం ఎక్కువ. 12, 13వ పక్కటెముకల మధ్య అల్ట్రాసౌండ్ పెట్టి కండ వైశాల్యాన్నీ కొవ్వు మందాన్నీ పశువు బతికుండగానే కొలుస్తారు.

కొలవడం ఒక్కటే చాలదు, దేన్ని దేనితో పోలుస్తున్నామన్నది ఇంకా ముఖ్యం. వానాకాలం మొదట్లో పుట్టిన దూడ పచ్చగడ్డి మీద పెరిగి 210 రోజులకు బాగా తూగుతుంది. వేసవికి ముందు పుట్టిన దూడ అంత తూగదు. ఆ తేడా గడ్డిది, జన్యువులది కాదు. అందుకే ఒకే కాలంలో పుట్టి, ఒకే పొలంలో, ఒకే మేత మీద పెరిగిన దూడలను ఒక జట్టుగా పెట్టి, జట్టులోపలే పోలుస్తారు. ప్రదర్శన కోసం ఒక్క దూడకే దాణా మేపి దాన్ని మిగతావాటితో కలిపి రాస్తే ఆ లెక్క మొత్తం పాడవుతుంది. దాణా తిన్న దూడను తెలిసి తెలిసి జట్టులో కలపడం మిమ్మల్ని మీరే మోసం చేసుకోవడం.

లక్షణాలన్నీ ఒకే మోతాదులో తల్లిదండ్రుల నుంచి రావని కూడా తెలుసుకోవాలి. పశువుల మధ్య బరువులో కనిపించే తేడాలో సుమారు మూడో వంతు జన్యువుల వల్ల వస్తుంది. ఈతల ఎడంలాంటి వాటిలో ఆ వాటా చాలా తక్కువ, ఎక్కువ భాగం మేతా పోషణే నిర్ణయిస్తాయి. కాబట్టి మందలో ఈతలు ఆలస్యమవుతుంటే ముందు ఖనిజ మిశ్రమం, మేత, నట్టల మందు సంగతి చూడండి. ఆబోతును మార్చడం తర్వాత.

కాగితం మీది సంఖ్య

బ్రెజిల్‌లో ఆబోతు అమ్మకపు పట్టీ తెరిస్తే ఫొటో పక్కనే సంఖ్యల వరుస ఉంటుంది. ప్రతి లక్షణానికీ ఒక అంచనా, అంటే ఆ ఆబోతు తన సంతానానికి సగటున ఎంత తేడా ఇస్తుందన్న లెక్క. అమెరికాలో ఆంగస్ అనే మాంసపు జాతి పెంపకందార్లు వాడేదీ ఇదే. ఒక ఆబోతుకు 450 రోజుల బరువు దగ్గర ప్లస్ 14 కిలోలు, మరొకదానికి ప్లస్ 4 కిలోలు అని ఉందనుకోండి. ఒకేరకం ఆవులకు, ఒకే మేత మీద, మొదటిదాని దూడలు రెండోదాని దూడలకంటే సగటున 10 కిలోలు ఎక్కువ తూగుతాయని అర్థం. మీ మందలో దూడ ఎంత తూగుతుందో ఆ సంఖ్య చెప్పదు, అది మీ మేతను బట్టి ఉంటుంది. రెండు ఆబోతుల మధ్య తేడా మాత్రమే చెబుతుంది. అందుకే ఒక్క ఆబోతు సంఖ్యను విడిగా చూసి మురిసిపోవడంలో అర్థం లేదు. అలాగే ఒక సంస్థ లెక్కను మరో సంస్థ లెక్కతో పోల్చకూడదు, రెండింటి మొదలు వేరు.

ఆ సంఖ్య పక్కనే ఇంకొకటి ఉంటుంది. చాలామంది దాన్ని దాటి వెళ్లిపోతారు, నేను మాత్రం ముందు దాన్నే చూడమంటాను. అది ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే ఖచ్చితత్వం. తల్లిదండ్రుల వివరాలు తప్ప ఇంకేమీ తెలియని కోడె అంచనాకు ఖచ్చితత్వం తక్కువ. వందల దూడలు తూకమేసిన పాత ఆబోతుకు చాలా ఎక్కువ. ఖచ్చితత్వం తక్కువగా ఉన్న ప్లస్ 14 రేపు దూడలు పుట్టాక ప్లస్ 20 కావచ్చు, ప్లస్ 5కీ పడిపోవచ్చు. చెడ్డ ఆబోతు అని కాదు, ఇంకా తెలియని ఆబోతు అని దాని అర్థం. అలాంటి కోడెలు నచ్చితే ఒక్కదాని మీదే మంద మొత్తం పెట్టకుండా మూడు నాలుగింటిని తలా కొన్ని ఆవులకు వాడండి. అంచనా ఒకదానిలో తప్పినా మిగతావి కాపాడతాయి.

పది రకాల సంఖ్యలు చూసి తికమకపడే రైతు కోసం, వాటిని ఒకే సంఖ్యగా కలిపే సూచీలు కూడా వచ్చాయి. ఉబెరాబా నగరంలో ఉన్న బ్రెజిల్ జెబూ (మూపురమున్న జాతుల) పెంపకందార్ల సంఘం తన సూచీ ప్రకారం పశువులను పది మెట్లుగా విభజిస్తుంది. ఒకటో మెట్టు అంటే మందల్లో పై 10 శాతం. మెట్టు చూసి ఎంచుకోవడం తేలికే. కానీ ఆ సూచీలో ఏ లక్షణానికి ఎంత తూకం ఇచ్చారో అడగండి. మీ కాగితం మీద రాసుకున్న లక్ష్యం అందులో లేకపోతే ఒకటో మెట్టు పశువు కూడా మీకు అక్కరకు రాదు.

డీఎన్ఏ కొత్తగా ఏం చెబుతుంది

ఇక్కడిదాకా చెప్పినదంతా డీఎన్ఏ పరీక్ష లేకుండానే, వంశావళి, తూకాల సాయంతో జరిగే పని. అందులో ఒక లోటు ఉంది. ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టిన రెండు కోడెదూడలకు వంశావళి ఇచ్చే అంచనా ఒకటే. నిజానికి అవి ఒకటి కావు. తండ్రి జన్యువుల్లో సగం, తల్లి జన్యువుల్లో సగం దూడకు వస్తాయి గానీ, ఏ సగం వస్తుందన్నది ప్రతిసారీ మారుతుంది, ఒకే కట్టలోంచి పంచిన పేకముక్కల్లాగా. మంచి ముక్కలు ఏ దూడకు పడ్డాయో పుట్టిన వారంలోనే చెప్పగలిగేది డీఎన్ఏ. పిండాలను ప్రయోగశాలలో తయారుచేసి అద్దె తల్లుల్లో పెట్టే పని బ్రెజిల్‌లో పెద్ద ఎత్తున సాగుతుంది. ఒకే జంటకు చాలా దూడలు పుట్టే అలాంటిచోట ఈ తేడా తెలియడం ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

పని జరిగే తీరు ఇది. తోక వెంట్రుకల కుదుళ్లో చెవి కండ ముక్కో తీసి ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ చిప్ మీద జన్యువుల్లోని వేల బిందువులను చదువుతారు. ఒక్కొక్క బిందువుకూ బరువు మీద గానీ ఎద మీద గానీ ఉండే ప్రభావం చాలా చిన్నది. కొమ్ములు ఉండటం, లేకపోవడం లాంటివి ఒకే జన్యువుతో తేలిపోతాయి. బరువు అలా తేలదు, వందలాది చోట్ల నుంచి వచ్చే చిన్న చిన్న తేడాలు కలిస్తేనే తేలుతుంది. అన్నింటినీ కలిపి అంచనా వేయవచ్చని మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 2001లో చూపించారు. 50 వేలకు పైగా బిందువుల చిప్ ఆ దశాబ్దం చివరికల్లా వచ్చింది. 2009లో ఆవు జన్యుక్రమం అచ్చయింది, అది డామినెట్ అనే హెర్ఫర్డ్ ఆవుది.

ఆ తొలి చిప్‌లు ఎక్కువగా యూరప్ జాతుల ఆధారంగా తయారైనవి. మూపురమున్న జాతుల్లో తేడా చూపించే బిందువులు వాటిలో తక్కువ. తర్వాత ఏడున్నర లక్షలకు పైగా బిందువులతో పెద్ద చిప్ వచ్చాక నెలోర్‌కు వీలు కుదిరింది. చిప్ కుదిరితే సరిపోదు, దాని వెనక తూకమేసిన పశువులు ఉండాలి. ఏ బిందువు ఉంటే ఎన్ని కిలోలన్నది వేలాది నెలోర్ పశువుల డీఎన్ఏనూ తూకాలనూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. ఆంగస్ పశువుల మీద తయారైన లెక్క నెలోర్‌కు పెద్దగా అక్కరకు రాదు. నెలోర్ మీద తయారైన లెక్క మన ఊళ్లోని ఒంగోలుకు ఎంత పనికొస్తుందో కూడా ఇక్కడి పశువులను తూకమేసి పరీక్షించకుండా చెప్పకూడదు. రెండింటి పూర్వీకులు ఒకటే అయినా తరాల ఎంపిక వేరు, పెరిగిన నేల వేరు.

డీఎన్ఏ అన్ని లక్షణాలకూ ఒకేలా అక్కరకు రాదు. దూడ బరువు తెలుసుకోవడానికి కాటా ఉంది. డీఎన్ఏ నిజంగా ఆదుకునేది కాటాకు అందని చోట. మాంసం మెత్తదనం పశువును కోశాక గానీ తెలియదు, కోసిన పశువుతో సంతతి తీయలేం. కూతుళ్లు ఎన్ని ఈతలు నిలుస్తాయన్నది ఇంకోటి. బ్రెజిల్ సంస్థల్లో ఆవు 76 నెలల వయసుకు కనీసం మూడు ఈతలు ఈనిందా అని చూస్తారు. ఒక ఆబోతు కూతుళ్లందరికీ ఆ వయసు వచ్చేసరికి ఆబోతు ముసలిదైపోతుంది. తక్కువ మేతతో అంతే బరువు పెరిగే గుణం కొలవాలంటే ఒక్కో పశువు తిన్న మేతను వారాల తరబడి తూకమేసే ఖరీదైన తొట్లు కావాలి. ఇలాంటి లక్షణాలకు కొద్ది పశువులను కష్టపడి కొలిచి, మిగతావాటికి డీఎన్ఏతో అంచనా వేస్తారు. పెయ్య 14 నెలలకే చూలు కట్టే గుణాన్ని నెలోర్‌లో ఎంచుకోగలగడం, నా దృష్టిలో, ఈ పనిలోకెల్లా గొప్ప ఫలితం. ఆలస్యం ఆ జాతి స్వభావమేనని వదిలేసిన చోటే మెరుగు మొదలైంది.

ఇంకో ఉపయోగం చాలా మామూలుగా కనబడుతుంది గానీ చిన్నది కాదు. విశాలమైన మేత బీళ్లలో ఒక ఆవుల గుంపులోకి ఒకేసారి చాలా ఆబోతులను వదులుతారు. దూడకు తండ్రి ఎవరో తెలియదు. డీఎన్ఏ పరీక్ష చేస్తే తండ్రి తేలుతుంది. కొన్ని ఆబోతులు దూడల్లో పెద్ద వాటాకు తండ్రులై ఉంటాయి, వాటితో సమానంగా మేసిన మరికొన్ని ఏమీ చేసి ఉండవు. మన పల్లెల్లో దేవుడి పేరిట అచ్చుపోసి వదిలిన ఆబోతుల దూడలకైనా, ఎద సూది వేయించిన మర్నాడు పక్క పొలం కోడె కలిసిన ఆవు దూడకైనా ఇదే పరీక్ష జవాబు చెబుతుంది.

ఒకే ఆబోతు వెంట పడకండి

నెలోర్ వంశావళులు వెనక్కి తిరగేస్తే కరవది, గోదావరి, తాజ్ మహల్ లాంటి కొద్ది పేర్లే మళ్లీ మళ్లీ వస్తాయి. బాగా పేరొచ్చిన ఆబోతు వీర్యాన్ని అందరూ కొన్నారు, దాని కొడుకులను అందరూ వాడారు. 20 కోట్ల పశువులున్న దేశంలో కూడా మేలుజాతి మందల రక్తం ఇలా ఇరుకైంది. దగ్గర రక్తం కలిసేకొద్దీ చూలు నిలవకపోవడం, దూడలు బలహీనంగా పుట్టడం పెరుగుతాయి. రెండు పశువులు ఎంత దగ్గరివో కాగితం మీది వంశావళికంటే డీఎన్ఏ నిజాయితీగా చెబుతుంది. అందుకే ఇప్పుడు ఆబోతు సంఖ్యతోపాటు అది మీ ఆవులకు ఎంత దగ్గర రక్తమో కూడా చూసి జత కుదురుస్తున్నారు. మన దగ్గర మేలైన ఒంగోలు ఆవులు, ఆబోతులు కొద్దిగానే మిగిలిన చోట ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ఒకే ఆబోతు కూతుళ్లకు దాని కొడుకునే కట్టించే పని మీ కొట్టంలో జరుగుతుంటే ఈ ఏడాదే ఆపండి.

ధరను జన్యు విలువ అనుకోవద్దు. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా సుమారు 70 లక్షల బ్రెజిల్ రియాలకు అమ్ముడై, ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా రికార్డుకెక్కింది. మనమందరం గర్వపడ్డాం. గర్వపడటం తప్పు కాదు. కానీ ఆ ధరలో అందమూ పేరూ వేలంపాట వేడీ కూడా కలిసి ఉన్నాయి. అక్కడ మాంసం మీద బతికే సాధారణ రైతు కొనేది ధరను చూసి కాదు, అంచనా కాగితాన్ని చూసి.

మన చేతిలో ఏముంది

హైదరాబాద్‌లోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ 2021లో ఇండిగౌ అనే చిప్‌ను విడుదల చేసింది. ఒంగోలుతో సహా దేశవాళీ జాతుల స్వచ్ఛతను కాపాడుకోవడానికి చేసిన చిప్ అది. 2024 అక్టోబరులో ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ వచ్చాయి. గుంటూరు దగ్గర లాం ఫారంలోనూ, నెల్లూరు జిల్లా చింతలదేవిలోనూ ఒంగోలు పశువులను కాపాడుతున్నారు. అంటే చదివే యంత్రం మనకూ వచ్చింది. కొరత ఉన్నది తూకాల దగ్గర. డీఎన్ఏ పరీక్ష చేస్తామంటూ ఎవరైనా వస్తే ఒక్కటే అడగండి: మీ అంచనా వెనక ఈ జాతి పశువులను ఎన్నింటిని, ఏ లక్షణం కోసం కొలిచారు? జవాబు స్పష్టంగా లేకపోతే ఆ పరీక్షను తండ్రి నిర్ధారణకూ జాతి స్వచ్ఛతకూ మాత్రమే వాడుకోండి, ఎంపికకు వాడవద్దు.

కాటా లేదని ఆగనక్కర్లేదు. ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే గుణించండి. భుజం ముందు ఎముక నుంచి తోక పక్కనున్న పిరుదు ఎముక దాకా పొడవు తీసి దానితో గుణించి, 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 60 అంగుళాలు, పొడవు 50 అంగుళాలు అయితే 273 కిలోలు. ఇది అంచనా మాత్రమే. ఒకే మనిషి, ఒకే టేపుతో, పొద్దున్నే మేత వేయకముందు కొలిస్తే దూడకూ దూడకూ మధ్య తేడా తెలుసుకోవడానికి చాలు.

ఈ ఏడాది మీ కొట్టంలో పుట్టే ప్రతి దూడకూ 12 అంకెల చెవిపోగు వేయించండి. పుట్టిన తేదీ, తల్లి నంబరు, తండ్రి నంబరు లేదా వీర్యం గొట్టం మీది ఆబోతు నంబరు, 210 రోజుల కొలత, ఏడాది కొలత ఒక నోటు పుస్తకంలో రాయండి. పెయ్య అయితే మొదటిసారి ఎదకు వచ్చిన తేదీ రాయండి. చచ్చిపోయిన దూడనూ, చిక్కిపోయిన దూడనూ వదిలేయకుండా రాయండి. ఊళ్లో ఇంకో పదిమంది చేత కూడా రాయించి, ఆ పుస్తకాలన్నీ మీ పశువైద్యుడి ముందు పెట్టండి.